ఒకరి మాట వినడం చిన్నతనమా?



కొండల నడుమ నిశ్చలంగా ఉన్న సరస్సు మీద, ఒక్క మనిషి పట్టే సన్నని పడవలో కూర్చుని, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నీటిని తోసుకుంటూ వెళ్లటాన్ని ఇప్పుడు చాలా దేశాలలో కొత్తవారికి నేర్పుతున్నారు. ఆ పడవ పేరు కయాక్. మన గోదావరి నాటుపడవలో లాగా దీనిలో నిలబడటానికి వీలుండదు, గెడ వేయటానికీ వీలుండదు. కాళ్లు ముందుకు చాపుకుని, నడుము దాకా పడవలో ఒదిగి, ఇంచుమించు నీటి మట్టానికే కూర్చోవాలి. ఉద్యోగాల కోసం, చదువుల కోసం పరదేశాలకు వెళ్లిన మన పిల్లలు సెలవు రోజుల్లో ఇలాంటి పడవలలో కూర్చుని తీయించుకున్న ఫోటోలు ఇంటికి పంపుతుంటారు. ఇక్కడ అమ్మమ్మలు ఆ ఫోటో చూసి, "ఇదేం పడవరా, శవపేటికలాగుంది" అని గుండెలు బాదుకుంటారు.

చూడటానికి ఇది సెలవుల సరదా. అయితే దీనిని నేర్పే పద్ధతిలో ఒక పాత ప్రశ్న దాగి ఉంది. వయసు వచ్చి, బుద్ధీ చదువూ ఉన్న మనిషి మరొకరి మాట విని నడుచుకోవటం అతనికి గౌరవమా, చిన్నతనమా? ఇంట్లో పదహారేళ్ల కొడుకుతోనో కూతురితోనో వాదన పడిన ప్రతి తల్లీ తండ్రీ ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో విన్నవారే.

ముందుగా ఆ నేర్పే తీరు చూద్దాం. కొత్తవాణ్ణి తిన్నగా నీటిలోకి పంపరు. గట్టు మీదే పడవలో కూర్చోబెట్టి కాళ్లకు ఆనే పలకలను సరిచేస్తారు. లైఫ్ జాకెట్ పట్టీలు బిగిస్తారు. తెడ్డు ఎలా పట్టాలో, చేతులతో కాక నడుము తిప్పి ఎలా తోయాలో చూపుతారు. ఇవన్నీ ఎవరైనా ఊహించగలిగినవే. పడవ అంచులకూ మనిషి నడుముకూ మధ్య నీరు చొరకుండా గుడ్డ బిగించే రకం కయాక్ అయితే, తరువాతి పాఠమే ఆశ్చర్యం కలిగిస్తుంది. మార్గదర్శి లోతు తక్కువైన చోట తాను నీటిలో నిలబడి, "ఇప్పుడు బోల్తా పడు" అంటాడు. పడవతో సహా తలకిందులు కావాలి. నీటి కింద కంగారు పడకుండా ముందుకు వంగి, ఆ గుడ్డ కొసనున్న వారును తడిమి లాగి, పడవను రెండు చేతులా తోసి బయటికి రావాలి. వచ్చాక కూడా పడవనూ తెడ్డునూ వదలకూడదు. తేలటం నేర్పేవాడు ముందుగా మునగటం నేర్పుతాడన్నమాట.

దీనికి కారణం ఆ పడవ పుట్టుకలోనే ఉంది. గ్రీన్లాండ్‌లోనూ ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న ఇతర తీరాలలోనూ నివసించే ఇన్యూట్ ప్రజలు సీల్ జంతువులను వేటాడటానికి దీనిని తయారు చేసుకున్నారు. అక్కడ చెట్లు లేవు. సముద్రంలో కొట్టుకొచ్చిన కర్రతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు కుట్టేవారు. చొక్కా కుట్టించుకున్నట్లు ఎవరి పడవ వారి ఒంటి కొలతకే చేసుకునేవారు. ఆ మంచునీటిలో పడినవాడికి ఈత వచ్చినా ఎక్కువ సేపు నిలవదు. అందుకే తలకిందులైన పడవను దానిలో కూర్చునే తెడ్డు దెబ్బతో తిరిగి నిలబెట్టే ఉపాయాలు అనేకం కనిపెట్టారు. వాటిని తండ్రి నుండి కొడుకు నేర్చుకున్నాడు. ఎవడో ఒకడు ఒంటరిగా కూర్చుని ఆలోచించి సాధించినవి కావవి.

ఇప్పుడు ఒక చోటును కళ్ల ముందు ఉంచుకుందాం. యూరపు ఖండంలో స్లొవేనియా అనే చిన్న దేశముంది. అక్కడి జూలియన్ ఆల్ప్స్ కొండల మధ్య, ట్రిగ్లావ్ జాతీయ ఉద్యానంలో బోహిన్ సరస్సు ఉంది. నాలుగు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ పొడవు, నలభై అయిదు మీటర్ల దాకా లోతు. ఒకనాటి హిమానీనదం తొలిచిన పళ్లెంలో కొండనీరు నిలిచి ఏర్పడింది. సరస్సు నీరు కాస్త దిగువన సావా బోహింకా అనే చిన్న నదిగా మారుతుంది. ఆ నీరు సరస్సు నుండి బయటికి పారే చోట ఒక రాతి వంతెన, దాని పక్కనే పునీత స్నాపక యోహాను గారి పేర వెలసిన పాత దేవాలయం ఉన్నాయి. కయాక్ నేర్చుకోవటానికి వచ్చే కొత్తవారికి ఈ సరస్సు, ఈ నదిలోని నెమ్మది భాగాలు అనువైన చోటు.

ఆ దేవాలయం వెలుపలి గోడ మీద పునీత క్రిస్టఫర్ గారి చిత్రం ఉంది. మధ్యయుగాలలో ఆల్ప్స్ ప్రాంతమంతటా ఆయన బొమ్మను బాటసారులకు దూరం నుండే కనిపించేలా గోడల మీద పెద్దదిగా వేసేవారు. ఆ రోజు ఆయన చిత్రాన్ని చూసినవారికి హఠాన్మరణం రాదని అప్పటి ప్రజల నమ్మకం. ఆయన కథ మనకు తెలిసినదే. వంతెన లేని నదిలో బాటసారులను భుజాన మోసి దాటించే బలశాలి ఆయన. ఒక రాత్రి ఒక బాలుణ్ణి ఎత్తుకుంటే నడిమధ్యకు వచ్చేసరికి ఆ బరువు మోయలేనంతైంది. ఆ బాలుడు క్రీస్తు ప్రభువే. దాటించేవాడికి ఆ గోడ మీది పునీతుడు ఒక నమూనా, గోడ ముందున్న నీటి మీద కయాక్ నేర్పే మార్గదర్శి మరొక నమూనా. ఆయన మోస్తాడు. ఇతను మోయడు. నేర్చుకునేవాడి తెడ్డు నేర్చుకునేవాడి చేతిలోనే ఉంటుంది. అయితే ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటే: దాటించేవాడు తానూ అదే నీటిలో ఉన్నాడు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 1784లో ప్రష్యా దేశపు తత్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ గారు, జ్ఞానోదయం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు జవాబుగా ఒక చిన్న వ్యాసం రాశారు. మరొకరి నడిపింపు లేకుండా తన బుద్ధిని తాను వాడుకోలేకపోవటం మైనారిటీ తీరనివాడి స్థితి అనీ, బుద్ధి లేక కాక ధైర్యం లేక ఆ స్థితిలో ఉండిపోతే ఆ తప్పు మనిషిదేననీ ఆయన అన్నారు. నా బదులు ఆలోచించటానికి ఒక పుస్తకం, నా బదులు మనస్సాక్షిగా ఉండటానికి ఒక గురువు, నా ఆహారం నిర్ణయించటానికి ఒక వైద్యుడు ఉంటే నేను కష్టపడనక్కరలేదు కదా అని ఎత్తిపొడిచారు. మా గురువులను పుస్తకానికీ వైద్యుడికీ మధ్యన కూర్చోబెట్టారు. అందుకు నాకేమీ కోపం లేదు, ఆ మాటలో నిజం కొంత ఉంది. పసిపిల్లల నడకబండి ఉదాహరణ కూడా ఆయన చెప్పారు. బండి వదిలితే పడతావని పెద్దలు భయపెడతారు, కాని నాలుగైదుసార్లు పడితే నడక అదే వస్తుందని ఆయన వాదన.

నేల మీద ఈ వాదన చక్కగా నిలుస్తుంది. నీటి మీద దీనికి చిక్కు వస్తుంది. నేల మీద పడినవాడికి మోకాలు గీరుకుంటుంది, ఆ నొప్పే పాఠం చెబుతుంది. చల్లని కొండనీటిలో హఠాత్తుగా పడినవాడు తన ప్రమేయం లేకుండానే ఒక్కసారి గట్టిగా ఊపిరి లోపలికి పీలుస్తాడు. శరీరం చేసే పని అది. దానిని ఆపటం మనిషి చేతిలో లేదు. ఆ క్షణాన నోరు నీటి కింద ఉంటే రెండో పాఠానికి అవకాశమే ఉండకపోవచ్చు. పైన ఎండ హాయిగా ఉన్నా, కింద నీరు మంచు కరిగి వచ్చినది కావచ్చు. అందుకే గాలి వేడికి కాదు, నీటి చలికి తగిన బట్టలు వేసుకోమని మార్గదర్శులు పట్టుబడతారు. నీరు కదలకుండా ఉంది కాబట్టి భయం లేదనుకోవటం కొత్తవాడి మొదటి తప్పు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ధైర్యాన్ని గురించి చెబుతూ, అపాయం తెలియక భయపడనివాడు ధైర్యవంతుడనిపించినా ధైర్యవంతుడు కాడని అంటాడు. సముద్రం మీద నావికులు నిబ్బరంగా ఉండేది వారి అనుభవం వల్లనని కూడా అదే చోట గుర్తుచేస్తాడు. సరస్సు అందం చూసి జాకెట్ విప్పే కుర్రవాడిది తెలియనితనం. పక్కనున్న మార్గదర్శిది అనుభవం. బయటికి ఇద్దరూ నవ్వుతూనే కనిపిస్తారు!

నదిలోకి దిగితే సంగతి మరింత చిత్రంగా ఉంటుంది. అక్కడ మన ఒళ్లే మనకు తప్పు సలహా ఇస్తుంది. పడవ అడ్డం తిరిగి ప్రవాహంలోని రాయికి తగిలిందనుకోండి. రాయికి దూరంగా, వెనక్కి వాలాలనిపిస్తుంది. అలా వాలిన మరుక్షణం ఎగువ నుండి వచ్చే నీరు పడవ అంచు మీదికెక్కి తిరగేస్తుంది. రాయి వైపుకే వాలి, దానిని కౌగిలించుకున్నట్లు ఉండాలి. పడవ నుండి నీటిలో పడ్డామా, వెంటనే లేచి నిలబడాలనిపిస్తుంది, మోకాలి లోతే కదా అని. కాని పాదం రాళ్ల సందున ఇరుక్కుంటే వెనుక నుంచి తోసే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. మోకాలి లోతులోనే ప్రాణం పోతుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకు చాపి, కాలివేళ్లు నీటిపైన కనబడేలా ఉంచుకుని నెమ్మది నీటిలోకి చేరాలి. పడవ ఊగినప్పుడు రెండు అంచులూ పట్టుకోవాలనిపిస్తుంది. అంచులు వదిలి, తెడ్డు ఆకును నీటి మీద బల్లపరుపుగా ఆనించాలి. ఇవేవీ బుద్ధితో ఆలోచించి కనుక్కోలేని రహస్యాలు కావు. తీరికగా కూర్చుంటే ఎవరైనా లెక్కగట్టవచ్చు. కాని నదికి ఆ తీరిక ఉండదు. ముందు మాట వినాలి, అర్థం తరువాత వస్తుంది.

పునీత తోమా అక్వినాసు గారు తన 'దైవశాస్త్ర సంగ్రహం'లో వివేకం అనే సద్గుణాన్ని భాగాలుగా విడదీసి వివరించేటప్పుడు, వాటిలో ఒకటిగా నేర్పితే నేర్చుకునే గుణాన్ని చేర్చారు. నేను సెమినరీలో ఈ భాగం చదివే రోజుల్లో ఇది శిష్యులను అదుపులో పెట్టడానికి పెట్టిన పాఠమేమోనని మాలో కొందరం గుసగుసలాడుకునేవాళ్లం. కాని ఆయన చెప్పిన కారణం వేరు. మనిషి చేయవలసిన పనుల సందర్భాలకు అంతు లేదు. ఒక్కడే, కొద్దికాలంలో వాటన్నిటినీ పరిశీలించలేడు. కాబట్టి అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకోక తప్పదు. సోమరితనంతో వారి మాటను పట్టించుకోకపోవటమూ, గర్వంతో తృణీకరించటమూ రెండూ తగవు. పైగా ఈ గుణం చిన్నవారికి మాత్రమే కాదు, పై స్థానంలో ఉన్నవారికీ కావాలి, ఎందుకంటే వివేకానికి సంబంధించిన విషయాలలో ఎవడూ తనకు తానే చాలినవాడు కాడు.

సావా బోహింకా వంటి నదిలో ఈ మాట అక్షరాలా నిజం. రాత్రి గాలికి ఒక చెట్టు ఒరిగి నదికి అడ్డంగా పడి ఉండవచ్చు. నీరు కొమ్మల మధ్య నుంచి జల్లెడలో లాగా వెళ్లిపోతుంది. మనిషి వెళ్లలేడు, అక్కడే నీటి బరువుకు అదిమివేయబడతాడు. నెమ్మది నదులలో పెద్ద అపాయం ఇదే. ఇరవై ఏళ్లుగా తెడ్డు వేస్తున్నవాడికి కూడా ఈ ఉదయం ఆ చెట్టు ఉందో లేదో తెలియదు. నిన్న అక్కడికి వెళ్లి వచ్చిన వాడికి తెలుసు. నైపుణ్యం ఉన్నవాడే ముందుగా రేవులో ఆగి, "ఇవాళ నీరెలా ఉంది?" అని అడుగుతాడు.

అయితే మార్గదర్శి అని చెప్పుకున్న ప్రతివాడి మాటా వినాలా? ఇక్కడ కాంట్ గారి హెచ్చరికను పక్కన పెట్టటానికి వీల్లేదు. నమ్మకానికి కొన్ని గుర్తులుంటాయి. నేను వేసుకోమన్న జాకెట్ తానూ వేసుకున్నాడా? గుంపులో అందరికంటే నెమ్మదిగా వచ్చేవాడి వేగానికి తన వేగం తగ్గించుకుంటున్నాడా? కొండ సరస్సులలో మధ్యాహ్నానికి కొండవాలులు ఎండకు కాగి, లోయ వెంట గాలి లేస్తుంది. అద్దంలా ఉన్న నీరు గంటలో అలలు కడుతుంది. డబ్బు కట్టి వచ్చినవారు ఇంకో చుట్టు తిరుగుదామని ముచ్చటపడుతుంటే, ఎండ చక్కగా కాస్తుండగానే "ఇక వెనక్కి" అనగలవాడే నమ్మదగినవాడు. ఆ మాట వల్ల అతనికి లాభమేమీ లేదు, పైగా నాలుగు తిట్లు వస్తాయి.

ప్లేటో రాసిన 'గోర్గియాస్' అనే సంభాషణలో ఓడ నడిపే సరంగు ఒకడి ప్రస్తావన వస్తుంది. ఏజినా దీవి నుండి ఒక మనిషిని క్షేమంగా ఏథెన్సు చేర్చినందుకు అతను పుచ్చుకునేది రెండు ఓబోలులు, అంటే నాలుగు చిల్లర డబ్బులు. చేర్చిన తరువాత రేవులో తన ఓడ పక్కన నిరాడంబరంగా పచార్లు చేస్తాడే గాని, ప్రాణాలు కాపాడానని డప్పు కొట్టుకోడు. మంచి మార్గదర్శుల తీరు అలాగే ఉంటుంది. నాలుగు రోజులు నేర్చుకున్నవాడు తన పడవను తాను నడుపుకుంటూ ముందుకు పోతుంటే, అతను వెనుక ఎక్కడో ఉంటాడు. పిల్లవాణ్ణి ఎత్తుకోవలసిన వయసులో ఎత్తుకుని, దింపవలసిన వయసులో దింపి, దింపిన తరువాత కూడా కేక వినబడేంత దూరంలోనే ఉండటం తల్లిదండ్రులకు ఎంత కష్టమో నేను విచారణలలో చూస్తూనే ఉన్నాను. చాలామందికి ఎత్తుకోవటమైనా వస్తుంది, వదిలివేయటమైనా వస్తుంది. పక్కన ఉండటం రాదు.

ఇంతవరకు దూరదేశపు సరస్సు సంగతి చెప్పుకున్నాం. అక్కడ ప్రతివాడి చేతిలో ఒక తెడ్డు ఉంది. మన నీళ్ల మీద విహారానికి వెళ్లే కుటుంబాల చేతిలో తెడ్డు ఉండదు, టికెట్టు ఉంటుంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా గోదావరుల పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదమీద ఉండగా, పాపికొండలు చూడబోయిన లాంచీ కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. బయటపడిన ఇరవై ఆరు మందిని కాపాడింది కేక విని నాటుపడవలు వేసుకుని వచ్చిన ఆ ఊరి జనమే. రెండు ప్రమాదాలూ జరిగింది ఆదివారాలే. సెలవు రోజు పిల్లాపాపలతో బయలుదేరినవారు, చుట్టాలు, స్నేహితులు.

పోయినవారిని తప్పుపట్టటం పాపం. వారు నమ్మారు, నమ్మినవారిని క్షేమంగా చేర్చవలసిన బాధ్యత నడిపినవారిది, అనుమతించినవారిది. కాని మిగిలి ఉన్న మనకు ఒక విషయం ఆలోచించుకోవలసి ఉంది. తెడ్డు లేనివాడి చేతిలో ఉన్న ఒకే ఒక తెడ్డు ప్రశ్న. "వరద ఉందటగా, ఇవాళ ఎందుకు తీస్తున్నారు?" "పిల్లలకు సరిపడే జాకెట్లేవి?" మన దగ్గర ఇలా అడిగినవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు. బయలుదేరేటప్పుడు అపశకునం మాటలేమిటి అంటారు. అందరికీ లేని భయం నీకొక్కడికేనా అంటారు. నలుగురిలో పిరికివాణ్ణనిపించుకోవటం ఇష్టం లేక తండ్రి మాట్లాడడు. తండ్రే మాట్లాడలేదు కాబట్టి తల్లి ఊరుకుంటుంది. అక్వినాసు గారు చెప్పిన నేర్చుకునే గుణం మూగతనం కాదు, నేర్చుకునేవాడు అడుగుతాడు. బోహిన్ సరస్సు మీద కొత్తవాడు అడిగే ప్రశ్నకు మార్గదర్శి చిరాకుపడితే, ఆ చిరాకే చాలు, పడవ దిగిపోవటానికి. ఈ చోట కాంట్ గారూ అక్వినాసు గారూ ఒకే గట్టు మీద నిలబడి కనిపిస్తారు నాకు.

విచారణల నుండి యువతను, సత్యోపదేశం తరగతుల పిల్లలను విహారయాత్రలకు తీసుకువెళ్లే గురువులకు, మఠకన్యలకు, ఉపదేశులకు ఇది మరీ ముఖ్యం. "ఫాదర్ గారు వెంట ఉన్నారు కదా" అని తల్లిదండ్రులు నిశ్చింతగా పంపుతారు. ఫాదర్ గారి అంగీ నీటిలో తేలదు. పడవ గురించి, ఆ నాటి నీటి గురించి ఆయనకు ఆ పిల్లలకంటే ఎక్కువ ఏమీ తెలిసి ఉండకపోవచ్చు. పిల్లలు ఆయనను నమ్మారు. ఆయన సరంగును నమ్మాడు. సరంగు రోజూ వెళ్లివచ్చే అలవాటును నమ్మాడు. ఈ వరుసలో ఎవరో ఒకరు ఆగి అడగకపోతే అందరూ నమ్మినవారే అవుతారు గాని, చూసినవారు ఒక్కరూ ఉండరు.

ఈ వేసవిలోనో కార్తీకంలోనో మీలో ఎవరైనా పిల్లలతో పడవ ఎక్కబోతుంటే, రేవులో ఇచ్చిన జాకెట్‌ను వాడికి తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గరా పట్టుకుని గట్టిగా పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది వాడి కొలత కాదు, నీటిలో అది తేలుతుంది గాని వాడు జారిపోతాడు. ఇంకొకటి అడగండి. ఫోటో కోసం కూడా విప్పనివ్వకండి. సరిపోయేది లేదంటే, నలుగురూ నవ్వినా సరే, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు ఆ గట్టు మీదే విప్పుకుని తిని, నదిని అక్కడి నుండే చూసి, సాయంత్రం బస్సుకు ఇంటికి రండి.